క్రాబ్‌వెల్ గారి వంశవృక్షం

ఢిల్లీ పక్కన వైశాలిలో మా అపార్ట్‌మెంటులోకి ఈ మధ్య ఒక తెలుగు కుటుంబం దిగింది. లిఫ్టులో కలిశారు. నేను తెలుగువాణ్ణని తెలిసి వాళ్ళు సంబరపడ్డారు, నేనూ పడ్డాను. "ఏ ఫ్లోర్ అంకుల్?" అన్నారు. చెప్పాను. "టూ బెడ్‌రూమా, త్రీనా?" అన్నారు. అదీ చెప్పాను. ఇంకేదో అడుగుతారని పదో అంతస్తు దాకా ఎదురుచూశాను. అడగలేదు. "నమస్తే అంకుల్" అని దిగిపోయారు. ఇంటిపేరు అడగని తెలుగువాళ్ళు తారసపడితే నాకు ఉప్పు లేని పప్పు తిన్నట్టు ఉంటుంది. ఈ జబ్బు నాకు ఆయన అంటించిందే.

ఆయనైతే ఆ లిఫ్టు మూడో అంతస్తు దాటేలోపు వాళ్ళ ఇంటిపేరు, తాతగారి పేరు, అమ్మమ్మగారి పుట్టిల్లు రాబట్టి, ఐదో అంతస్తుకి ఏదో ఒక చుట్టరికం కలిపి, పదో అంతస్తులో వాళ్ళతోపాటే దిగి కాఫీకి వెళ్ళిపోయేవారు. పోయి చాలాకాలమైంది. డెబ్బైల చివర్లో నేను ఢిల్లీలో ఒక పాత రికార్డుల ఆఫీసులో గుమాస్తాగా చేరిననాడు నా పక్క సీటు ఆయనది. నా పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "పేరుదేముంది, తర్వాత చూద్దాం. ముందు ఇంటిపేరు చెప్పవోయ్."

చెప్పాను.

"ఏలూరు వాళ్ళా, ఏలూరు దగ్గరి వాళ్ళా?"

దగ్గరి వాళ్ళమే. ఆయన కళ్ళు మూసుకుని చూపుడు వేలుతో గాలిలో గీతలు గీశారు. పైకి రెండు, పక్కకి మూడు, మళ్ళీ కిందికి ఒకటి. కళ్ళు తెరిచి, "అయితే నువ్వు నాకు వరసకి కొడుకువి. బాబాయ్ అను," అన్నారు. ఆ సాయంత్రం సరోజినీ నగర్‌లో ఆయన క్వార్టర్లో పీట మీద కూర్చుని నేను గోంగూర పచ్చడి కలుపుకుంటున్నాను. ఆ గాలిలో గీతలు ఎంతవరకు నిజమో ఇప్పటిదాకా విచారించలేదు. గోంగూర మాత్రం నిజం.

సన్నటి మనిషి. అక్టోబరు మొదటి వారంలో మంకీ క్యాప్ ఎక్కితే మళ్ళీ హోలీకే దిగేది. పాత సంపుటాల దుమ్ము పడదని ముక్కుకి రుమాలు కట్టుకుని, దాని ముడి మెడ వెనక బిగించి, చంబల్ లోయలోంచి బదిలీ మీద వచ్చినవాడిలా బీరువాల మధ్య తిరిగేవారు. పేజీ తిప్పాలంటే వేలు తడి చేసుకునేవారు కాదు. మూల కొద్దిగా పైకి లేచేలా మెల్లగా ఊదేవారు. కొత్తగా వచ్చిన వాళ్ళు ఆయనేదో మంత్రం వేస్తున్నారనుకునేవారు. ఇక ఎవరేం చెప్పినా ఆయన జవాబు ఒకటే: "నకలుందా?" క్యాంటీన్‌లో సమోసాలు అయిపోయాయని చెప్పినా అదే మాట. నాకు పెళ్ళి కుదిరిందని చెప్పినా అదే మాట. అదృష్టంకొద్దీ మా నాన్న ఉత్తరం జేబులో ఉండబట్టి నా పెళ్ళిని ఆయన గుర్తించారు.

ఈ తాతల పిచ్చి తెలుగువాళ్ళతో ఆగేది కాదు. ఒకసారి కిక్కిరిసిన బస్సులో కండక్టరు, పంజాబీ మనిషి, టికెట్ టికెట్ అని అరుస్తుంటే ఆయన తాపీగా, "భయ్యా, ఆప్‌కే దాదాజీ కా నామ్ క్యా?" అన్నారు. కండక్టరు కస్సుమన్నాడు. ఈయన కదల్లేదు. రెండు స్టాపులు దాటాక కండక్టరు తనంతట తానే వచ్చి, దాదాజీ పేరు చెప్పి, లాహోరులో వాళ్ళ గల్లీ పేరు చెప్పి, విభజన అప్పుడు ఆ ముసలాయన తాళం వేసి వచ్చిన తలుపు రంగు చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు. మేం దిగవలసిన స్టాపు దాటిపోయి చాలాసేపైంది. ఆ రోజు ఇద్దరం ఆఫీసుకి గంట ఆలస్యం. ఎందుకు ఆలస్యమైందో రాసిమ్మంటే ఆయన నిజమే రాసిచ్చారు. ఆ కాగితం చదివి మా పైఅధికారి చాలాసేపు కిటికీలోంచి బయటకి చూశాడు.

అలాంటి మనిషి బల్ల మీదకి ఒకరోజు అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది.

రాసినావిడ రిటైరైన స్కూలు టీచరు, పేరు ఎడిత్. వాళ్ళ ఊరు ఒక కౌంటీకి ముఖ్యపట్నం. కౌంటీ అంటే మన తాలూకా కంటే కాస్త పెద్దది, జిల్లా కంటే కాస్త చిన్నది. ఆ కౌంటీ ఏర్పడినప్పుడు దానికి మొట్టమొదటి క్లర్కుగా పనిచేసిన సైలస్ క్రాబ్‌వెల్ అనే ఆయన ఈవిడకి ముత్తాతకి తాత. ఆయన తండ్రి, భార్య కడుపుతో ఉండగా ఆమెను పుట్టింట్లో దిగబెట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువులో రాతపని చేసే రైటరుగా ఇండియాకి ఓడెక్కాడట. చేరింది బందరు. అంతే, మళ్ళీ కబురు లేదు. పెళ్ళాం బిడ్డల్ని వదిలేసి అక్కడే స్థిరపడ్డాడని ఇంట్లో తరతరాలుగా ఒక మచ్చ. త్వరలో కౌంటీ కచేరీ గోడకి ఆ మొదటి క్లర్కు పేరున ఇత్తడి ఫలకం పెడుతున్నారు. తండ్రి గురించి ఏమని రాయాలో కమిటీకి తెలియడం లేదు. బందరులోని కంపెనీ వర్తక కొఠీ కాగితాల్లో ఆయన సంగతి ఏమైనా దొరుకుతుందా?

ఇలాంటి ఉత్తరాలకి మా దగ్గర అచ్చేసిన జవాబు ఒకటి సిద్ధంగా ఉండేది: వెతికించాం, దొరకలేదు, చింతిస్తున్నాం. వెతికించడం, చింతించడం రెండూ ఆ అచ్చులోనే జరిగిపోయేవి. నేను ఆ ఫారం తీసి అందించబోయాను. ఆయన నా చేతిమీద ఒక్కటి వేశారు.

"గుమాస్తాకోయ్! ఇత్తడి ఫలకం! గవర్నరుకి కాదు, జనరల్‌కి కాదు, మన బాపతు గుమాస్తాకి! రెండొందల ఏళ్ళ తర్వాత వాడి నాన్న ఎవరని అడుగుతున్నారు. వాడి నాన్న కూడా గుమాస్తాయే, అందులోనూ మా బందరు గుమాస్తా! ఈ సెక్షన్‌లో ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను, నా కుర్చీ కోడు విరిగిందని రాస్తే ఎవడూ పట్టించుకోలేదు."

ఆ రోజు నుంచి రెండేళ్ళు మా సెక్షన్‌లో క్రాబ్‌వెల్ గారు కాపురం పెట్టారు. గారు లేకుండా ఆ పేరు ఎవరూ అనడానికి వీల్లేదు. ఎడిత్ గారికి "రెస్పెక్టెడ్ సిస్టర్" అంటూ ఉత్తరాలు వెళ్ళేవి. ఆవిడ పంపిన వివరాలన్నీ ఆయనకి అపురూపమే. కౌంటీ పెట్టిన కొత్తలో కచేరీ లేక, సైలస్ గారు జనన మరణాల పుస్తకాలూ భూమి దస్తావేజులూ వంటింట్లో పిండి పెట్టెలో దాచేవారట. "ఒక్క కాగితం పోలేదటోయ్, ఒక్కటి!" అని మూడు సెక్షన్లు తిరిగి చెప్పివచ్చారు. మా పైఅధికారి ఒకనాడు పిలిచి, "యే క్రాబ్‌వెల్ కౌన్ హై భాయ్? ఆప్‌కా రిశ్తేదార్ హై క్యా?" అన్నాడు. ఈయన వినయంగా, "అభీ తక్ తో నహీ సార్. దేఖ్ రహా హూ," అన్నారు. ఇంతవరకూ చుట్టం కాలేదు, చూస్తున్నాను అని.

ఆదివారాలు నా భోజనం వాళ్ళింట్లోనే. మంచం మీద క్రాబ్‌వెల్ గారి వంశవృక్షం చార్టు పరిచి ఉండేది. ఆయన భార్య, మా పిన్నిగారు, ఆ చార్టు మీద పప్పు చిందకుండా వడ్డించడానికి చాలా కష్టపడేది. ఆయన తల్లి, ఎనభైకి దగ్గర్లో ఉన్న పెద్దావిడ, గోడకి ఆనుకుని కూర్చుని, "క్రాబ్‌వెల్ గారి సంగతి ఎందాకా వచ్చింది?" అని అడిగేది. ఆవిడకి అమెరికా ఎటువైపో తెలియదు. సైలస్ గారింట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం నాకంటే బాగా తెలుసు. "మేనమామలు ఏం చేసేవారట? తండ్రి లేనప్పుడు వాళ్ళేగా చూడాలి," అంది ఒకసారి. నిజమే కదా అని, మేనమామల వివరాలు పంపగలరని ఈయన ఎడిత్ గారికి రాశారు. రెండు నెలలకి జవాబు వచ్చింది. ఇద్దరు మేనమామలు, ఒకడు చర్చిలో పెద్ద, రెండోవాడు గుర్రాల దొంగ.

"దొంగైతేనేం, మేనమామ మేనమామే," అంది పెద్దావిడ. ఆయన చార్టులో ఆ గుర్రాల దొంగకి కూడా చక్కగా గీత గీశారు.

అసలు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎడిత్ గారి కాగితాల ప్రకారం తండ్రి పేరూ సైలసే, కొడుకు పేరూ సైలసే. అది చూడగానే ఆయన బల్ల మీద చరిచారు. తేలిపోయింది! తండ్రి బతికుండగా కొడుక్కి తండ్రి పేరు ఎవరు పెడతారు? బిడ్డ కడుపులో ఉండగానే తండ్రి పోతే, అప్పుడు పెడతారు ఆ పేరు. కాబట్టి పెద్ద సైలస్ గారు బిడ్డ పుట్టకముందే పోయారు. పెళ్ళాం బిడ్డల్ని వదిలేయలేదు, పాపం చచ్చిపోయారు. మచ్చ మాసిపోయింది. మరి ఆ తర్వాతి ఏళ్ళలో కూడా బందరు సంపుటాల్లో సైలస్ క్రాబ్‌వెల్ అని కనిపిస్తోందే అని నేను నసిగాను. "వాడు వేరేవాడోయ్. అదే పేరున్న దాయాది ఎవడో. వాణ్ణి పక్కన పెట్టు," అన్నారు. పక్కన పెట్టాను.

ఎడిత్ గారికి నాలుగు పేజీల ఉత్తరం వెళ్ళింది. అందులో రెండు పేజీలు సంతాపం. అవతలినుంచి వచ్చిన జవాబు ఆయన సెక్షన్ అంతటికీ చదివి వినిపించారు. ఆవిడ ఏడ్చిందట, కమిటీ ఏడ్చిందట. తండ్రి మొహం చూడని బిడ్డ, వాణ్ణి పెంచిన వితంతువు తల్లి, ఈ మాటలు ఫలకం మీదకి ఎక్కుతున్నాయట. స్కూలు పిల్లలు నాటిక వేస్తున్నారట. గుర్రాల దొంగ వేషం కోసం కొట్టుకుంటున్నారట. ఢిల్లీలో ఒక గుమాస్తా రాసిన మాట అమెరికాలో ఇత్తడి మీదకి ఎక్కబోతోంది. ఆయన ఆ వారమంతా మంకీ క్యాప్ లేకుండా తిరిగారు, అదీ జనవరిలో.

పక్కన పెట్టిన "వేరేవాడి" కాగితాలు ఫైలు ముగించడానికి నకలు తీసిపెట్టమని నాకు అప్పజెప్పారు. మధ్యాహ్నం అందరూ బయట పచ్చిక మీద ఎండ కాగుతూ, వేరుశెనక్కాయలు ఒలుస్తూ, స్వెట్టర్లు అల్లుకుంటూ ఉంటే నేను లోపల కూర్చుని రాస్తున్నాను. అవి సెలవు దరఖాస్తులు. ఆ చేతిరాత కూడబలుక్కుని చదివేసరికి నా పెన్ను ఆగిపోయింది. "నా భార్య మగబిడ్డను కన్నదని ఓడమీద ఉత్తరం వచ్చింది. వాడికి నా పేరే పెట్టిందట. వెళ్ళి చూసి రావడానికి సెలవు ఇప్పించ ప్రార్థన." పక్కన అప్పటి పైఅధికారి రాత: "పని పేరుకుపోయి ఉంది. కుదరదు." మరుసటి ఏడు ఇంకొకటి: "వాడు నడుస్తున్నాడట." కుదరదు. ఆపై ఏడు: "వాడు నా గురించి అడుగుతున్నాడట." కుదరదు. మొత్తం ఆరు. ఆరోదాని మీద "మంజూరు" అని ఉంది. ఇంకో పుస్తకం తీసి చూస్తే, ఆ మంజూరుకి మూడు వారాల ముందే సైలస్ క్రాబ్‌వెల్ జ్వరంతో పోయి, అక్కడే మట్టిలో కలిసినట్టు ఉంది.

ఆయన లోపలికి వచ్చాక ఆ సంపుటం చూపించాను. అసలు కాగితం కళ్ళెదుట ఉంటే కూడా, "నకలుందా?" అన్నారు. మూడుసార్లు చదివారు. మంజూరు దగ్గర వేలుపెట్టి, "మన డిపార్ట్‌మెంటేనోయ్, అనుమానం లేదు," అన్నారు. అంతలోనే మొహం మారిపోయింది.

"ఇది అబద్ధం. బతికున్న మొగుడి పేరు పిల్లాడికి ఎలా పెడుతుందోయ్ ఆ ఇల్లాలు? వాణ్ణి ఏమని కేకేస్తుంది? అన్నానికి ఏమని పిలుస్తుంది? అల్లరి చేస్తే ఏమని తిడుతుంది?"

"వాళ్ళకి అది మామూలే బాబాయిగారూ. జూనియర్ అంటారు."

ఆయన రుమాలు ముడి విప్పి బల్ల మీద పెట్టారు. ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పారు. "నేను పుట్టేసరికి మా నాన్న పోయి రెండు నెలలు. ఆయన పేరే నాకు పెట్టారు. పెట్టింది మా నాయనమ్మ. మా అమ్మ ఆ పేరు పలకలేదు. ఎలా పలుకుతుంది, మొగుడి పేరాయె. ఇప్పటికీ పలకలేదు. ఒరే, అబ్బాయ్, నాయనా, ఇంతే. మా మేనమామలు పెంచారు. ఇంట్లో మీ పిన్నీ పలకదు, దానికీ మొగుడి పేరేగా. ఇక్కడ ఆఫీసులోనేమో అందరూ బడే బాబూ అంటారు. ఈ సైలస్ గాడికీ నాలాగే జరిగిందనుకున్నానోయ్."

ఆయన క్రాబ్‌వెల్ గారికి గారు తీసెయ్యడం అదే మొదటిసారి. రెండేళ్ళుగా ఈయన వెతికింది ఎడిత్ గారి పూర్వికుణ్ణి కాదని, తనలాంటి ఇంకొకణ్ణని, నా మట్టిబుర్రకి అప్పుడు తట్టింది.

ఊరుకుంటే సరిపోయేది. పైఅధికారి కూడా అదే అన్నాడు, ఛోడియే, ఫైలు మూసెయ్యండి, అమెరికా నుంచి ఎవడొచ్చి చూస్తాడు అని. ఫలకం పోత పోయడానికి ఇంకా నెలో రెండు నెలలో ఉంది. ఆయన ఆ వారం ఎవరినీ తాతల పేర్లు అడగలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసేవారు. శనివారం మాత్రం నన్ను కూర్చోబెట్టి ఉత్తరం చెప్పి రాయించారు. తప్పు పూర్తిగా నాది, మా ఇంటి ఆచారాన్ని మీ పూర్వికుడి నెత్తిన రుద్దాను, దయచేసి ఫలకం ఆపించండి, సైలస్ గారి తండ్రి మీ ఇంటివాళ్ళని మరిచిపోలేదు, ఆరుసార్లు సెలవు అడిగాడు, కాగితాలు జతచేశాను. ఆరు నకళ్ళూ తన చేత్తోనే తీశారు. అక్షరం దిద్దకుండా, ఆ "కుదరదు"లతో సహా.

జవాబు కోసం ఆయన పడిన యాతన చూడలేకపోయాను. రోజూ టపా గదికి వెళ్ళి, దేనికోసమో వెతుకుతున్నట్టు నటించి తిరిగొచ్చేవారు. ఏషియాడ్ ఆటల హడావిడిలో నగరమంతా తవ్వేసి ఉంది. ఉత్తరం ఆ గోతుల్లో ఎక్కడో పడిపోయి ఉంటుందని ఆయన అనుమానం. వేసవి సగం పోయాక మందపాటి కవరు వచ్చింది. లోపల ఫొటో. ఇటుకల కచేరీ, గోడకి ఇత్తడి ఫలకం. దాని మీద మొదటి క్లర్కు పేరు, కింద వాళ్ళ నాన్న సెలవు దరఖాస్తు, మూడోది, ఆ "కుదరదు"తో సహా. ఎడిత్ గారు రాసింది: తండ్రి వదిలేశాడని మా ఇంట్లో ఆరు తరాలు తలవంచుకున్నాయి, ఈ కాగితాలతో తలెత్తుకున్నాయి, మీ తప్పు కూడా మాకు మంచే చేసింది. పైఅధికారికి చూపిస్తే అతను ఫొటోని చాలాసేపు చూసి, "అచ్ఛా, యహా భీ నామంజూర్!" అన్నాడు. ఆ తర్వాత మా సెక్షన్‌లో కొన్నాళ్ళు ఎవరి సెలవూ నిరాకరించలేదు.

ఆ ఆదివారం ఆయన ఫొటోని తల్లికి చూపించారు. నేనూ అక్కడే ఉన్నాను. జరిగిందంతా, తన పొరపాటుతో సహా, చెప్పారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ కచేరీ గోడని చాలాసేపు చూసింది.

"అయితే తండ్రి ఉండగానే ఆ పేరు పెట్టిందా ఆ పిల్ల?"

"పెట్టిందమ్మా."

"మరి ఏమని పిలిచేదట?"

"పేరు పెట్టే పిలిచేది. సైలస్, అని."

"అందరి ఎదుటా?"

"అందరి ఎదుటా."

ఆవిడ గొంతు తగ్గించింది. "మరి ఆయనకేం కాలేదూ?"

"పిలిచినందువల్ల ఏం కాలేదమ్మా. పాపం సెలవే దొరకలేదు."

ఆవిడ ఫొటో తిరిగిచ్చేసి, గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళింది. ఈయన చార్టు మడవడంలో పడ్డారు. పిన్నిగారు చారు గిన్నె దించుతోంది. నేను ఫ్యాను కింద కునుకుపాట్లు పడుతున్నాను. అప్పుడు వంటింట్లోంచి వినిపించింది. ఆవిడ ఇంటిపేరుతో సహా ఆ పేరంతా పలికింది. అదేమిటో నేనిక్కడ రాయను. ఆవిడ ఎనభై ఏళ్ళలో ఒక్కసారి పలికిన పేరు, నాకు వాడెయ్యబుద్ధి కాదు. పిన్నిగారి చేతిలో గరిటె జారి నేల మీద పడింది.

ఆ పేరుని ఉత్తినే పిలవడం ఆవిడకి చేతకాలేదు. చివర "గారూ" తగిలించింది.

"…గారూ, లేవండి. అన్నం చల్లారిపోతోంది."

యాభై నాలుగేళ్ళ మనిషి. చార్టు అక్కడే వదిలేసి, కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచిపోయి, వెళ్ళి పీట మీద కూర్చున్నారు.